నాలుగో పేరు

ఫోర్ట్ మైయర్స్ బేస్‌బాల్ శిబిరంలో ఆ పొద్దున, పైఊరి ఆటకి బస్సెక్కేవాళ్ళ లిస్టు గోడకి అంటించగానే వెండెల్ ప్రూయిట్ దాన్ని మూడుసార్లు చదివాడు. తన పేరుంది. ఉంటే సంతోషించాలి కదా! ఎందుకు వేశారో అర్థమైతేగా.

సంగతేమిటంటే, మార్చిలో ఆడే బేస్‌బాల్ అంతా ఉత్తుత్తి ఆటే. గెలిచినా ఓడినా అడిగేవాడు లేడు. కుర్రాళ్ళని పరీక్షించి, పెద్దాళ్ళ కీళ్ళు వదులు చేసి, నెలాఖరుకి ఇరవయ్యారు మందిని ఏరుకుంటారు, అంతే. అందుకని పేరున్న ఆటగాడెవడూ రెండున్నర గంటలు బస్సులో నడుం విరగ్గొట్టుకుని పైఊరు పోడు. ఆ తిప్పలన్నీ కుర్రాళ్ళవి. కానీ టిక్కెట్టు కొన్న జనం మొహమెరగని పిల్లల్ని చూసి తిట్టిపోస్తారని ఒక కట్టుబాటుంది. ఏ జట్టు పైఊరు వెళ్ళినా అసలువాళ్ళు, అంటే జట్టులో చోటు ఖాయమైనవాళ్ళు, కనీసం నలుగురుండాలి.

లిస్టులో అసలువాళ్ళు ముగ్గురే కనిపిస్తున్నారు. మరి వెండెల్ నాలుగోవాడా? లేక పరీక్షకి పిలిచిన కుర్రాళ్ళలో ఒకడా? ముప్ఫై ఏడేళ్ళ కుర్రాడంటే వినేవాడు నవ్విపోడూ?

పోనీ మిగతా గుర్తులు చూద్దామా అంటే అవీ అయోమయమే. చొక్కా మీద అరవై ఎనిమిది. అంత పెద్ద అంకె కుర్రాళ్ళకే ఇస్తారు. బట్టల అర మాత్రం పెద్దాళ్ళ వరసలో ఇచ్చారు, అదీ మరుగుదొడ్డి తలుపు పక్కన. పద్నాలుగేళ్ళు మొహానికి జాలీ కట్టుకుని, బ్యాటు పట్టినవాడి వెనక గొంతుకూర్చుని, దూసుకొచ్చే బంతులు పట్టినవాడు. ఇప్పుడు తనెవరో తనకే తెలీకుండా పోయింది, ఇదేం ఖర్మ!

ఆత్రానికి కారణం ఉంది. ఓక్లహోమాలో వాళ్ళ ఊరి హైస్కూలు జట్టుకి ఆట నేర్పే ఆయన ఉన్నపళంగా మానేశాడు. ఆ పని వెండెల్‌కిస్తామన్నారు. ఔనో కాదో ఈ సాయంత్రం అయిదింటిలోగా చెప్పాలి. ఇక్కడ చోటుంటే అది వద్దు. ఇక్కడ లేకపోతే అదే దిక్కు.

బస్సెక్కే ముందు పెళ్ళాం డార్లా ఫోను చేసింది.

"ఏమన్నారు?"

"బస్సెక్కమన్నారు."

"అంటే ఉంచుకుంటున్నట్టా?"

"ఏమో."

"ఏమో ఏంటి! అడగచ్చుగా, నోరు లేదా?"

"ఇక్కడ అలా అడగరే. అడిగినవాడికి తనమీద తనకే నమ్మకం లేదనుకుంటారు."

"బాగుంది మీ తంతు! అయిదింటికి ఆ స్కూలు ప్రిన్సిపాల్ ఆవిడకి నన్నేం చెప్పమంటావ్, ఏమో అని చెప్పనా?"

వెండెల్ ఫోను జేబులో పడేసి బస్సెక్కాడు.

బస్సులో పక్క సీటు యాదియెల్‌ది. ఇరవయ్యొక్కేళ్ళ డొమినికన్ పిల్లాడు, వెండెల్ చోటుకే పోటీ. "తాతా, కిటికీ వైపు కూర్చో. గాలి తగుల్తుంది."

"నీ తాత కాదుగానీ, ఆ నమిలే గింజల పొట్టు కప్పులో ఊసెయ్. నా బూట్ల మీద కాదు."

కాసేపు నవ్వాడు వాడు. తర్వాత గొంతు తగ్గించి, కాలి దగ్గర పడే బంతి చేతిలోంచి జారిపోతోందని గోల పెట్టాడు. వెండెల్ ఊరుకోవచ్చుగా? ఊరుకోడే! ఓ గంట వాడి మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించాడు. తన చోటు లాక్కునేవాడికి తనే నేర్పడమేంటో అతనికే బోధపడలేదు.

మైదానంలో దిగేసరికి అక్కడి జట్టు మనిషొకావిడ అట్టా, పెన్నూ పట్టుకుని నిలబడి ఉంది. "ముగ్గురే కనిపిస్తున్నారు. నాలుగో ఆయన ఏరీ?"

వెండెల్ వాళ్ళ జట్టుని నడిపే బర్ట్ లింకస్ చుట్టూ చూశాడు. చూసి, వెండెల్‌ని చూపించాడు. "అదుగో."

ప్రాణం లేచొచ్చింది వెండెల్‌కి. రెండో విడతలో బంతిని గోడకి తగిలేలా బాదాడు. మోకాళ్ళు కిర్రుమంటున్నా పరిగెత్తాడు. అప్పటికీ లోపల పీకుతూనే ఉంది. నన్ను నిజంగా లెక్కపెట్టాడా, లెక్క సరిపెట్టాడా?

ఆరో విడతలో అతన్ని కూర్చోబెట్టి యాదియెల్‌ని దించారు. కాలి దగ్గర పడ్డ బంతిని వాడు లటుక్కున అందుకుని, మోకాళ్ళ మీంచి లేవకుండానే విసిరి, అవతల పరిగెత్తేవాణ్ణి ఔట్ చేశాడు. "అద్దీ!" అని అందరికంటే ముందు అరిచింది వెండెలే.

ఇక ఆగలేకపోయాడు. అడక్కూడదన్న కట్టుబాటు గంగలో కలవనీ అనుకుని బర్ట్ పక్కకెళ్ళి కూర్చున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో ఆడినవాళ్ళే.

"బర్ట్, నేను నాలుగోవాణ్ణేనా?"

"ఈ రోజుకి నువ్వే."

"మరి యాదియెల్?"

"ఏప్రిల్ నుంచి రోజూ నీ చోట్లో ఆడేది వాడే." బర్ట్ మైదానం వైపే చూస్తున్నాడు. "వారం నుంచి ఈ మాట చెబుదామనే చూస్తున్నా, నోరు రావట్లేదురా."

వెండెల్‌కి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. ఏది ముందొచ్చిందో తెలీలేదు.

నాలుగున్నరకి ఆగి ఉన్న బస్సు వెనక నిలబడి, డార్లాని కూడా అడక్కుండా, స్కూలు ప్రిన్సిపాల్‌కి తనే ఫోను చేసి, ఆ పనికి ఒప్పుకున్నాడు.

"సంతోషం, ప్రూయిట్ గారూ!" అందావిడ. "పిల్లలకి చెప్పాలి. అయితే ఆట మానేసినట్టేనా మీరు?"

వెండెల్ చొక్కా మీది అరవై ఎనిమిదిని ఓసారి తడుముకున్నాడు.

"అది తెలీదు మేడమ్," అన్నాడు. "సోమవారం మాత్రం వచ్చేస్తా."