నాలుగో బండి వచ్చేదాకా

మా ఊరి బజారు మూలమీద నిలబడే పోలీసు జవాను పోయిన వారం చనిపోయాడు. ఆ సంగతి తెలియక ఎప్పటిలాగే పొద్దున కాఫీ హోటలుకు వెళ్లాను. వీధిలో ఒక్క ఎద్దులబండి లేదు, ఒక్క జట్కా లేదు. "ఇచట బండ్లు నిలుపరాదు" అని మా పంచాయతీ బోర్డువారు యుద్ధకాలంలో పాతిన రేకు పలక ఒంటరిగా నిలబడి ఉంది.

హోటలాయన గ్లాసు నా ముందు పెట్టి, "నీకు తెల్దా సామీ? జవానన్న పోయినాడు. బండోళ్లంతా ఆడికే పోయినారు" అన్నాడు.

ఆ పలకమీది మాట పూర్తిగా అమలు జరిగిన మొదటి రోజు అదే. పాఠకులు క్షమించాలి, నాకు మొదట దుఃఖం కలగలేదు. నేను పోయిన రోజున ఈ వీధిలో ఎన్ని బండ్లు తక్కువవుతాయా అని ఆలోచించాను. జవాబు తెలిసి లేచి వచ్చేశాను.

చనిపోయినవాళ్లనల్లా దేవుళ్లను చేసే అలవాటు నాకు లేదు. ఆయన బతికి ఉండగా ఈ పత్రికలోనే రెండుసార్లు ఆయన్ను దుయ్యబట్టాను. ఇప్పుడు మాత్రం అబద్ధం ఎందుకు? ఆయనంటే నాకు అసూయ. ఆయన పోయినా అది పోలేదు.

మా బజారు చూడనివారికి రెండు మాటలు. ఆసుపత్రి, బెల్లం మండీ, నగరి చీరల అంగళ్లు అన్నీ ఆ ఒక్క ఇరుకువీధిలోనే. యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీలకు దారి ఉండాలని అక్కడ బండ్లు నిలపకూడదన్నారు. యుద్ధం ముగిసింది. లారీలు పోయాయి. తెల్లవాడు కూడా పోయాడు. రేకు పలక పోలేదు! రోగిని దించాలన్నా, బెల్లం బుట్ట ఎత్తుకోవాలన్నా బండిని అర మైలు అవతల చింతతోపులో విప్పి నడిచి రావాలట. కారున్న పెద్దమనుషులకు ఈ బాధ లేదు. వాళ్ల డ్రైవరు దించేసి పోతాడు, పిలిస్తే వస్తాడు. బాధంతా బండివాడిది. ఇది అన్యాయమని రాశాను, సభల్లో అరిచాను, అర్జీలు పెట్టాను. పలక కదల్లేదు.

ఆ జవాను ఒక్క అర్జీ పెట్టలేదు. బండి వచ్చి ఆగితే చెయ్యి చాచేవాడు. బండివాడు తన చెర్నాకోల ఆ చేతిలో పెట్టి పని చూసుకోవడానికి పరుగెత్తేవాడు. జవాను దాన్ని సంకలో ఇరికించుకుని, రెండో చేత్తో దారి చూపిస్తూ నిలబడేవాడు. చెర్నాకోల లేకుండా బండి కదిలించే మగవాడు మా ఊళ్లో లేడు గనుక, అది తిరిగి తీసుకోకుండా ఎవరూ పోలేరు. అంతే ఆయన ఏర్పాటు.

ఇందులో తప్పకుండా మామూలు ఉంటుందని నేను నమ్మాను. పట్టుకుని పత్రికకు ఎక్కించాలని ఒక పూటంతా కాఫీ హోటలులో కిటికీ దగ్గర కాపలా కూర్చున్నాను. ఆయన చేతుల్లోకి చెర్నాకోలలు తప్ప ఏమీ రాలేదు. ఒక రైతు దోసెడు శనక్కాయలు పెట్టబోతే, "నా చేయి యాడ ఖాళీగా ఉండాదిరా? నీ ఎద్దుకు పెట్టుపో" అన్నాడు. చివరికి హోటలు దగ్గరకు వచ్చి కిటికీలోంచి నన్నే పలకరించాడు. "పొద్దున్నించి సూస్తా ఉండావు. ఏమన్నా దొరికిందా అప్పా?"

దొరకలేదు. ఆ కోపంతోనే మొదటి వ్యాసం రాశాను. ఒక పోలీసు దయమీద పేదవాడు బతకరాదు, చట్టమే మారాలి, ఏ బండి అయినా ఐదు నిమిషాలు నిలుపుకునే హక్కు ఇవ్వాలి అన్నాను. మంచి వ్యాసం. ఇప్పుడు చదివినా మంచి వ్యాసమే. బోర్డు ప్రెసిడెంటుగారు మాత్రం, "అందురూ గడియారాలు కట్టుకోని బండ్లు తోల్తారేమప్పా?" అని సభను నవ్వించి దాన్ని పక్కన పడేశారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా అమ్మకు జ్వరం ముదిరింది. జట్కాలో పడుకోబెట్టి ఆసుపత్రి ముందుకు తీసుకువచ్చాను. జవాను వచ్చి జట్కావాడి వైపు చెయ్యి చాచాడు. నేను అడ్డం పడ్డాను.

"వద్దు. మాకు దయ అక్కర్లేదు. హక్కు కావాలి."

జట్కావాడు చెర్నాకోల ఇవ్వాలో వద్దో తెలియక ఇద్దరి మొహాలూ చూశాడు.

"హక్కు వచ్చినాక ఇంగోసారి వద్దువులే అప్పా. ఇప్పుడు అమ్మను దింపు" అన్నాడు జవాను.

దుప్పట్లోంచి మా అమ్మ గొంతు వినిపించింది. "వాని మాట ఇనొద్దు నాయనా. వాడు చిన్నప్పట్నుంచీ ఇంతే. నువ్వే కొంచెం చేయి పట్టుకో."

నా తల్లి! ఆయనే చేయి పట్టుకుని దించాడు. జట్కావాడూ నేనూ చెరో పక్క పట్టి లోపలికి తీసుకుపోయాం. డాక్టరు చూసి, సూది వేసి, కాసేపు పడుకోబెట్టి పంపేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బయటికి వస్తే జట్కా అక్కడే ఉంది. చెర్నాకోల ఆయన సంకలోనే ఉంది. సిగ్గుతో కోపం వచ్చి, "ఇంతసేపు ఎట్లా నిలపనిచ్చావు? ఇదేం పద్ధతి?" అని ఆయనమీదే ఎగిరాను.

"నాలుగో బండి రాల్యా కదప్పా."

అర్థం కాలేదు. చెయ్యెత్తి సంక చూపించాడు. "ఈడ మూడే పడతాయి. నాలుగోది పెడితే మొదటిది జారతాది. అప్పుడు మొదట వచ్చినోన్ని పేరు పెట్టి కేకేస్తాను. ఎవురూ రాకపోతే కేకేసేది ఎందుకు? నిలబడేది తప్పు కాదు. వెనకోణ్ణి సూడకుండా నిలబడేదే తప్పు."

ఇంటికి వెళ్లి నా వ్యాసం తీసి మళ్లీ చదివాను. నా ఐదు నిమిషాల చట్టమే ఉండి ఉంటే, సూది పడకముందే మా అమ్మ జట్కాను తరిమేసి ఉండేవారు. ఖాళీ వీధిలో! నాకు తట్టని న్యాయం ఆ మనిషికి సంకలో దొరికింది. అది ఒప్పుకోలేక రెండో వ్యాసం మొదటిదానికన్నా ఘాటుగా రాశాను. జ్వరం తగ్గిన మా అమ్మ దాన్ని చదివించుకుని విని, "ఆయప్ప శానా మంచోడు, ఎట్లుండాడో" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు మూలమీదికి కొత్త జవాను వచ్చాడు. కుర్రవాడు, పలకమీద ఉన్నది చదివి చేస్తున్నాడు, అతణ్ణి అనవలసింది లేదు. మూడు రోజుల్లో వీధి ఊడ్చినట్టయింది. మొన్న ఒక నిండు గర్భిణి చింతతోపు నుంచి ఆసుపత్రికి నడిచి వచ్చి మెట్లమీద కూలబడిపోయింది. ఆ సాయంత్రమే బండివాళ్లు పదిమంది మా ఇంటికి వచ్చారు. బోర్డుకు అర్జీ రాసివ్వాలన్నారు. నాకు పొంగు వచ్చింది. పాత వ్యాసం బయటికి తీశాను.

వాళ్లలో పెద్దవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ ఐదు నిమిషాలు వద్దప్పా. కోపం చేసుకోవద్దు. జవానన్న రూలే రాయి."

రాశాను. పాఠకులారా, ఒకరి మాటను నా అక్షరాల్లో పెట్టి కింద సంతకం చేయడం నాకు ఇదే మొదలు. మూడు బండ్లు నిలవవచ్చును, నాలుగోది వచ్చినప్పుడు మొదటిది కదలవలెను. ఒక్క వాక్యం. వచ్చే సమావేశంలో బోర్డువారు దీన్ని కాదంటే ఎందుకు కాదో ప్రజల ముందు చెప్పాలి, నేను వదలను.

అర్జీ ఇచ్చేముందు ఆసుపత్రి ఎదుట మూడు బండ్లు సరిగ్గా పడతాయో లేదో చూద్దామని నిన్న మూల దగ్గరకు వెళ్లాను. కొత్త జవాను భోజనానికి పోయినట్టున్నాడు. నేను పలక పక్కన నిలబడి కంటితో కొలుస్తున్నాను. ఒక బెల్లం బండి వచ్చి ఆగింది. తోలేవాడు దూకి, నన్ను చూసి, "పట్టుకో అప్పా, ఇప్పుడే వస్తా" అని చెర్నాకోల నా చేతిలో పెట్టి పరుగెత్తాడు. పిడి చెమటతో తడిగా ఉంది. చేతిలో ఉన్న అర్జీ పాడవుతుందని దాన్ని సంకలో పెట్టుకున్నాను. అది చూసి ఇంకొకడు ఇచ్చాడు. ఒక జట్కావాడు ఇంకొకటి గుచ్చి పోయాడు. నిజమే, మూడే పడతాయి.

ఇంతలో నాలుగో బండి వచ్చింది. గూడులోంచి ఎవరో మూలుగుతున్నారు. తోలేవాడు చెర్నాకోల నా వైపు చాచి, "మొదటోన్ని కేకెయ్యప్పా!" అన్నాడు.

నోరు తెరిచాను. పదేళ్లుగా బండివాళ్ల కోసం రాస్తున్న నాకు ఆ మొదటివాడి పేరు తెలియదు.