ఖాజా చాచా చూసిన సముద్రం

పసుపు కొమ్ము చేత్తో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఆర్మూరులో నా కబుర్లను సగం కోసి వినేవాళ్లున్నారు. ఈ ఒక్కసారికి కోయకండి.

ఎవరి కళ్లంలోనో పసుపు ఉడుకుతోంది. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే ఖాజా చాచా గుర్తుకొస్తాడు. మార్కెట్ యార్డులో నాకు పని నేర్పినవాడు. కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. టంగుమంటే ఎండినట్టు, మెత్తగా విరిగితే లోపల తడి ఉన్నట్టు. "కండ్లు మోసం జేస్తయి బేటా, చెవి వెట్టు," అనేవాడు.

కోతలు కోయడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గోదావరి దాటి ఎరుగని మనిషి, మధ్యాహ్నం బస్తాల మీద కూర్చుని సముద్రం కథలు చెప్పేవాడు. అలల మీద మంచం వేసుకుని పడుకుంటే ఒక చేప వచ్చి దుప్పటి కప్పిందట. హమాలీలు పగలబడి నవ్వేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంటికి పోవాలన్న తొందర ఆయనకు ఉండేది కాదు. అందరూ లేచిపోయాక మెల్లగా అనేవాడు: "ఒక్కపారన్న నిజంగ సూడాలెరా." సీజన్ అయిపోనీ చాచా, పోదాం అనేవాణ్ణి.

నిరుడు తీసుకెళ్లాను. బాపట్ల అవతల చిన్న పల్లె. సెలవు గడపడానికి వచ్చినవాళ్లం మేమిద్దరమే. తిరగేసిన పడవలు, గాలి, ఇసుక మీద మన పసుపులాగే పరిచిన ఎండుచేపలు. చాచా వంగి ఒకటి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. చేపలు తిరగేస్తున్నామె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందయ్యా, తినే చేపని ఇరిచి ఇంటన్నావ్? ఏం చెప్పిందేంటి?"

"జర ఇంకింత ఎండ గావాలంటున్నది బిడ్డా," అన్నాడు చాచా.

ఆమె పడిపడి నవ్వింది. చాచా మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజంతా ఒక్క కోత కూడా కోయలేదు.

ఇంతదాకా విన్నారు గనుక చెప్పేస్తాను. చాచా రాలేదు. యార్డు నిండా బస్తాలుండగానే, సీజన్ ముగియకముందే పోయాడు. చేపను విరిచింది నేను. నీళ్లలో నిలబడిందీ నేనే.  ఎండ గావాలన్న ఆ జవాబు నాకు తిరుగు ప్రయాణంలో, బస్సులో, ఆయన గొంతుతో తోచింది. ఇప్పటికీ నాకు తోచే మంచి మాటలన్నీ ఆ గొంతుతోనే వస్తాయి.

ఆమె నవ్వనూ లేదు. విరిగిన చేపనూ నన్నూ మార్చి మార్చి చూసి, ఒక్కడివే వచ్చావా అని అడిగింది.

"లేదమ్మా, మా చాచా ఎనకొస్తున్నడు," అన్నాను.

ఆమె తలెత్తి దారివైపు చూసింది. నేనూ చూశాను.