సబ్బు అత్త ఎంచిన సిలిండర్

అత్త మణికట్టు నొప్పి చూడలేక నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇది: ఆక్సిజన్ సిలిండర్ వాల్వు బిగుసుకుపోయిందని దానికి నాలుగు చుక్కలు నూనె వేశాను, తలుపు బందులకు వేసినట్టు. ఎంత నునుపుగా తిరిగిందో!

మా మేనత్తది సిలిండర్ల దుకాణం. వీధిలో అందరికీ ఆమె సబ్బు అత్త. అక్కడ సిలిండర్ ముట్టాలంటే ఎంతటివాడైనా ముందు సబ్బుతో చేతులు కడగాల్సిందే. సిలిండర్ మెడ దగ్గర కొట్టిన పరీక్ష తేదీ చూస్తుంది, వాల్వుకి సబ్బు నురగ పూసి, గాలి కారి బుడగలు లేస్తాయేమోనని కాచుకుని కూర్చుంటుంది, తెల్లగుడ్డతో తుడిచి వాసన చూస్తుంది. తనను పెళ్లాడే ముందు కూడా ఇంత పరీక్ష పెట్టలేదని మామయ్య వాపోతుంటాడు. అన్నీ కుదిరితేనే సుద్దముక్కతో ఒక గీత. పిల్లి తుమ్మినా ఉలిక్కిపడే మనిషి. ఒకసారి నేను వెనక నుంచి కాగితం సంచి పేల్చితే వారం దాకా నాతో మాట్లాడలేదు.

నేను నూనె వేసింది గీత పడిన సిలిండర్‌కే. ఇక దాన్ని మళ్లీ చూసేవాళ్లెవరు?

మధ్యాహ్నం నూనె డబ్బా ఆమె కంట పడింది. నేను గొప్పగా చెప్పుకున్నాను. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒత్తిడితో దూసుకొచ్చే ఆక్సిజన్‌కి నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదట, దానంతటదే అంటుకుంటుందట. ఆ సంగతి ఆమె చెప్పినప్పుడల్లా నేను ఆవలించేవాణ్ణి.

"ఏ సిలిండర్‌కి?" అంది.

ఖాళీగా ఉన్న చోటు చూపించాను. బండివాడు దాన్ని పొద్దున్నే దర్జీ తాత ఇంటికి చేర్చేశాడు. ఆ ముసలాయన ఊపిరంతా సిలిండర్ మీదే. పాతది అయిపోగానే కోడలు కొత్తది తిప్పుతుంది. ఫోన్ చేస్తే మోగుతోందే కానీ ఎవరూ ఎత్తడం లేదు.

స్కూటర్ తీశాను. అత్త మాత్రం చిన్న సిలిండర్ల దగ్గర నిలబడిపోయింది. ఏదో ఒకటి పట్టుకుని రమ్మని కాళ్లావేళ్లా పడ్డాను. వినలేదు. మొదటిదాని తేదీ తుప్పులో కలిసిపోయింది, పక్కకి నెట్టింది. రెండోదాని నురగలో సన్నటి బుడగ లేచింది, అదీ వద్దంది. చేతులు గజగజ వణికి సబ్బునీళ్లు ఒళ్లంతా ఒలికాయి, పని మాత్రం ఆపలేదు. మూడోదానికి రెగ్యులేటర్ బిగించి, చంటిపిల్లలా ఒళ్లో అదుముకుని నా వెనక ఎక్కింది. దారంతా ఆమె పళ్లు టకటకలాడటం నా మెడ దగ్గర వినిపిస్తూనే ఉంది. నా పళ్ల సంగతి అడక్కండి.

మెట్లెక్కేసరికి తలుపు తెరిచే ఉంది. పాత సిలిండర్ మీటరు ముల్లు అయిపోవచ్చిందని చూపే ఎర్రగీత మీద ఉంది. కోడలి చెయ్యి కొత్తదాని వాల్వు మీద ఉంది.

అత్త అరవలేదు. "అమ్మాయ్, చెయ్యి తియ్యి. మెల్లిగా... అంతే," అంది. గొంతు పీలగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది.

ఆ పిల్ల బిత్తరపోయి చెయ్యి తీసింది. అత్త తాత గొట్టాన్ని చిన్న సిలిండర్‌కి మార్చింది. ఆయన ఛాతీ లేచి పడటం చూశాకే గోడకి ఆనుకుని కూలబడింది. బండివాడొచ్చి నూనె సిలిండర్‌ని దింపుకుపోయేదాకా దాని మీంచి చూపు తిప్పలేదు.

బయటికొచ్చాక నా నోరు ఊరుకోలేదు. ఇంత పిరికిదానివి ఈ పనిలో ఎలా నెగ్గుకొస్తున్నావత్తా అని అడిగాను.

"ధైర్యం నీ దగ్గరుందిగా. అదేం చేసిందో ఇప్పుడే చూసొచ్చాం. నాకు పిరికితనమే చాల్లేరా."