డిక్షనరీలో లేని బ్లైటీ

పంతొమ్మిది వందల యాభైల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేరడానికి ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. చదువుతున్న యుద్ధం నవల్లో ‘బ్లైటీ’ అనే మాట తగిలింది. డిక్షనరీ తీసి చూస్తే లేదు.

“ఏమి ఎతుకుతాండారు సారూ?” అన్నాడు పక్క సీటు ముసలాయన. నందవరంలో కూలి చేసుకునే మనిషి. నీకెందుకులే అన్నట్టే ఆ మాట చెప్పాను.

“అది మన ‘విలాయతి’ అనే మాటే సారూ. తెల్ల సిపాయిలకు నోరు తిరగక అట్లయింది. వాళ్ల సీమను అట్ల అంటాండిరి.”

ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రాలో గాయపడినవాళ్లను మోశాడట.

“ఇంటికి పంపేంత దెబ్బ తగిలితే, బ్లైటీ దెబ్బ అని నవ్వుకుంటా పోతాండిరి.”

అతని భుజం మీద లోతైన మచ్చ ఉంది. మరి మీ దెబ్బకు ఏం పేరని అడిగాను.

“మాకు పేరేమీ ల్యాదు సారూ. కట్టు కట్టి, మళ్లా మోయమనిరి.”