గీతకు బయట

చెప్పుల కార్ఖానాలో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. పందొమ్మిదేళ్లుగా చెప్పు అడుగుకు పట్టీలు కుట్టడమే ఆమె పని. ఆమె కుడితే ఊడదని పేరు. అలాంటిది రెండేళ్లుగా చెప్పులు తిరిగి రాసాగాయి. మొదట నెలకో జత, ఇప్పుడు బస్తాలకు బస్తాలు. అన్నిటికీ ఒకటే జబ్బు, పట్టీ దగ్గర కుట్టు తెగడం.

"చూపు తగ్గినట్టుంది పెద్దక్కా. సోమవారం నుంచి ప్యాకింగులో కూర్చో," అన్నాడు సూపర్‌వైజరు, ఆమె ముఖంలోకి చూడకుండా.

ఆమె తిరిగొచ్చిన బస్తా గుమ్మరించి చూసింది. అన్నీ ఏడో నంబరే.

"నా చూపు ఏడో నంబరుకే తగ్గిందా నాయనా? సోమవారం దాకా ఆగు."

ఆమె ఇంట్లో తొడుక్కునే చెప్పులు తొలి ఏడాది తాను కుట్టిన ఏడో నంబరు జతే. రంగు వెలిసింది కానీ ఒక్క పోగు కదల్లేదు. మర్నాడు వాటిని తెచ్చి కొత్త చెప్పు మీద పెట్టింది. కొత్తదాని అడుగు చుట్టూరా గోరంత ఎక్కువ! పట్టీలు మాత్రం ఇనప అచ్చుతో కోసేవి, మారలేదు. పొట్టి పట్టీని లాగి లాగి కుడితే ఏ దారం ఆగుతుంది?

తిన్నగా అడుగులు కోసే కత్తెర బాబాయి దగ్గరికి నడిచింది.

"బాబాయ్, కొలత అట్ట చిరిగితే ఏం చేస్తావ్?"

"పాతదాని చుట్టూ పెన్సిలు గీసి కొత్తది కోస్తా. ఏడో నంబరు ఎక్కువ అమ్ముడుపోతుంది కదా, దాని అట్ట ఊరికే చిరుగుతుంది."

"గీతకు లోపల కోస్తావా, బయటా?"

"బయటే! లోపల కోస్తే చిన్నదైపోదూ? ఆమాత్రం తెలీదా నాకు?"

"అట్ట మార్చినప్పుడల్లా ఓ గీతంత పెంచావయ్యా! ఇంకో పదేళ్లాగితే పడవలు కుట్టేవాళ్లం."

నవ్వబోయిన బాబాయి గబుక్కున తన అట్ట తీసి ఆమె పాత చెప్పు పక్కన పెట్టి చూసుకున్నాడు.

తొలి అట్ట ఎప్పుడో చెత్తలో కలిసింది. అసలు కొలత మిగిలింది ఆమె పాత చెప్పుల్లోనే. బ్లేడు తీసుకుని తన కుట్టు తానే విప్పింది. అది ఎంత మొండికేసిందో! ఏడుపూ గర్వమూ కలిసి వచ్చాయామెకు. విడివడ్డ అడుగును ఈసారి రేకు మీద పెట్టి గీసి, గీత కూడా పోయేలా కోయించింది.

సోమవారం కొత్త జతలు వందింటికి సూపర్‌వైజరే స్వయంగా బరువు వేలాడదీశాడు. ఒక్క కుట్టూ తెగలేదు.

"ప్యాకింగులోకి నేనే పోవాలేమో," అన్నాడు తల గోక్కుంటూ.

"వద్దులే నాయనా, నీకు ముడి వేయడం కూడా రాదు," అంది పెద్దక్క. హాలంతా గొల్లున నవ్వింది.

ఆ సాయంత్రం ఆమె కొత్త జత తొడుక్కుని, కావాలనే టపటపలాడిస్తూ ఇంటికి వెళ్లింది.