చాచా రుమాలు, సిరిసిల్ల లైను

"మా నానా పోయిండు ఆంటీ" అని ఆ పిల్ల ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్ల ఎక్స్ఛేంజీలో మిషన్ ముందు కూర్చుని ఉన్నాను. పోయినాయన ఆమెకు తాత, వాళ్ల అమ్మకు నాన్న; నాకు పని నేర్పిన సీనియర్ టెక్నీషియన్, జగిత్యాల ఆఫీసు మొత్తానికి చాచా. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి కోరుట్ల బస్సెక్కాను.

బస్సులో ఏడవాల్సింది పోయి నవ్వొచ్చింది. ఏం చెయ్యను, ఆయన్ని తలచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ రోజే.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. జగిత్యాల నుంచి సిరిసిల్లకు మాకు రెండు ఫైబర్ లైన్లు ఉండేవి. బోయినపల్లి మీదుగా అసలుది, కోరుట్ల మీదుగా స్పేర్‌ది. అసలుది తెగితే మిషన్ తనంతట తానే కన్నుమూసి తెరిచేలోగా స్పేర్ మీదికి మారాలి. ఆ రోజు బోయినపల్లి దగ్గర ఉద్యమకారులు రోడ్డు దిగ్బంధించి అక్కడే వంటావార్పు పెట్టారు. పెద్ద గిన్నెకు పొయ్యి కావాలని పక్కనే గుంత తవ్వి మంట పెట్టారు. మా కేబులు అక్కడ పైపైనే ఉంది. బగారన్నంతో పాటు అదీ ఉడికింది.

సిరిసిల్ల ఫోన్లన్నీ మూగబోయాయి. స్పేర్ అందుకోలేదు. మేమంతా జగిత్యాల ఆఫీసు ముందు సమ్మె టెంటులో ఉన్నాం. చాచా కూతురిని ఆ పొద్దున్నే కాన్పుకు సిరిసిల్ల ఆస్పత్రిలో చేర్చారు. రోడ్లన్నీ బంద్, ఫోనొక్కటే దిక్కు. ఆయన లేచాడు.

"సమ్మె మనది బిడ్డ, ఆస్పత్రిది కాదు. నడువ్."

లోపలికెళ్లి స్పేర్ ఫైబర్‌లో వెలుగు వస్తోందా అని కొలిచాం. నిక్షేపంగా వస్తోంది. "మిషన్‌లో కార్డు పోయినట్టుంది చాచా, మార్చేద్దాం" అన్నాను, నాకన్నీ తెలిసినట్టు.

"జర ఆగు. ఎందుకు మారతలేదో దాన్నే అడుగుదాం" అని స్క్రీన్ మీద పాత ఆదేశాల జాబితా తీశాడు. స్పేర్‌కు తాళం వేసి ఉంది. పక్కనే నా పేరు.

వారం కింద కోరుట్ల దగ్గర స్పేర్‌కు జాయింటు వేశారు. పని మధ్యలో మిషన్ దాని మీదికి మారకుండా ఆ తాళం పెట్టింది నేనే. ఆ సాయంత్రమే సమ్మె అన్నారు. జెండా అందుకుని నినాదాలిస్తూ బయటికి ఉరికాను. తాళం సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది. ఇప్పుడు తన కూతురు ఎట్లుందో ఆయనకు తెలియకుండా చేసింది నా తాళమే. ఆయన కీబోర్డు నా వైపు తోశాడు.

"నువ్వే పెట్టినవ్. నువ్వే తియ్" అన్నాడంతే.

తీశాను. ఎర్రలైట్లు ఒక్కొక్కటే పచ్చగా మారాయి! నేను జై తెలంగాణ అని గావుకేక పెట్టాను. చాచా రెండుసార్లు తప్పు నంబరు కొట్టి, మూడోసారి ఆస్పత్రిని పట్టాడు.

"మనవరాలు పుట్టింది! ఇద్దరు మంచిగున్నరు!" అంటూ వెళ్లి ఆ మిషన్‌నే కావలించుకున్నాడు.

నన్ను తిట్టలేదు. మెడలో రుమాలు తీసి నా మణికట్టుకు కట్టాడు. "మిషన్ మర్వలే బిడ్డ, నువ్వు మర్చిపోయినవ్. ఇగ తాళం పెట్టంగనే గిది కట్టుకో. తాళం తీసినంకనే విప్పు. అన్నం తినేటప్పుడు అడ్డమొచ్చినా సరే."

రిటైరయ్యేదాకా తానూ అట్లాగే కట్టుకున్నాడు. హోటల్లో ఎవరైనా "దెబ్బ తాకిందా చాచా?" అంటే, "నాకు కాదు, సిరిసిల్ల లైనుకు" అని చాయ్ తాగేవాడు. అంత ఓపిక మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. నా ఉద్యోగం ఆ రుమాలు పెట్టిన భిక్షే.

కోరుట్లలో ఇంటి ముందు బస్తీ అంతా ఉంది. ఫోన్ చేసిన పిల్ల, ఆ రోజు పుట్టిన పిల్లే, ఏడుస్తూ వచ్చి నా చేతులు పట్టుకుంది. ఠక్కున ఏడుపు ఆపింది. నా మణికట్టు వైపు చూస్తోంది.

"ఆంటీ, తాళం తీసినవా?"

చూసుకుంటే రుమాలు. పొద్దున కట్టింది కట్టినట్టే ఉంది. స్పేర్‌కు పెట్టిన తాళం తియ్యకుండానే బస్సెక్కేశాను. సిరిసిల్ల ఎక్స్ఛేంజీలో ఉన్న మా టెక్నీషియన్‌కు అక్కడే నిలబడి ఫోన్ చేశాను. "ఒక్క నిమిషం మేడం... తీసిన. పచ్చలైటు వచ్చింది."

వచ్చిందని తలూపాను. ముడి బాగా బిగుసుకుపోయింది. ఆ పిల్ల తల వంచి, పళ్లతో లాగి విప్పింది.