పిండిముద్ద ఆగిన స్టేజీ

మెట్‌పల్లిలో చర్చి సందులోకి తిరిగితే ఎడమ చేతివైపు మూడో మడిగె రిబ్కమ్మ రొట్టెల దుకాణం. దానికి బోర్డు లేదు. జొన్నరొట్టె కాలే వాసన పట్టుకొని వచ్చేవాళ్లే అందరూ. షుగరు ఉన్నవాళ్లు, రాత్రిపూట అన్నం మానమని డాక్టరు చెప్పినవాళ్లు, ఇంట్లో రొట్టె చేసే ఓపిక లేనివాళ్లు సాయంత్రం ఐదింటి నుంచే వచ్చి నిలబడతారు. పన్నెండేళ్ల కింద ఒక్క పొయ్యితో మొదలైన దుకాణంలో ఇప్పుడు ఐదు పొయ్యిలు, పొయ్యికొక మనిషి.

రిబ్కమ్మకు యాభై ఆరేళ్లు. ఆమె పొయ్యి ముందు కూర్చోదు. పిండి పిసకడం ఆమె పని. ఎసరు మరగ్గానే జొన్నపిండిలో పోసి, తెడ్డుతో తిప్పి, చెయ్యి కాలుతుండగానే పిసికి, పది ముద్దలు చేసి ఐదుగురికీ పంచుతుంది. గోధుమపిండిలా జొన్నపిండిని కలిపి పక్కన పెడితే కుదరదు. జిగురు పోయి రొట్టె పగులుతుంది. ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగానే కలుపుకోవాలి. ఆ పని ఆమె ఎవరికీ ఇవ్వదు. "పిండి ఒక్క చేతిది ఉండాలె" అని పుట్టింట్లో, ఖానాపూర్‌లో, ఆమె అవ్వ చెప్పిన మాట. పిసుకుతున్నంతసేపూ రిబ్కమ్మ పెదవులు కదులుతుంటాయి. ఈ ముద్ద ఎవరి కడుపులోకి పోతుందో ఆ మనిషిని చల్లగా చూడు ప్రభువా అని ప్రార్థన. పేరు తెలిస్తే పేరు పెట్టి అడుగుతుంది. తెలియకపోతే "నీకెరుకే గదా" అంటుంది.

జనవరి చివరలో ఒకనాడు జనార్దన్‌రావు దుకాణానికి వచ్చాడు. ఊరి బయట ఆయనకు పసుపు తోటలు ఉన్నాయి. తవ్వకానికి మహారాష్ట్రలోని కిన్వట్ దిక్కు నుంచి యాభై మంది కూలీలు పిల్లాపాపలతో వచ్చి చేలలోనే గుడారాలు వేసుకున్నారు.

"అమ్మా, అన్నం పెడితే వాళ్లకు కడుపు నిండినట్టే ఉంటలేదట. ఆడోళ్లు మూడింటికి లేచి రొట్టెలు చేసుకుంటుండ్రు. చంటిపిల్లలున్నోళ్లు గూడ ఉన్నరు. ఏడింటికల్ల రెండు వందల రొట్టెలు చేన్లకు వస్తే వాళ్లకు జర నిద్రన్న దొరుకుతది" అన్నాడు.

రిబ్కమ్మకు ఆ మాట గుండెకు తాకింది. నిద్ర చాలని చంటిపిల్లల తల్లి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆదివారం మాత్రం చర్చి ఉంటుంది కాబట్టి చేయలేనని చెప్పి, మిగతా ఆరు రోజులకు ఒప్పుకుంది. సాయంత్రం పనిచేసేవాళ్లలో నలుగురు పొద్దుటి పనికీ వస్తామన్నారు. ఇంకో ఇద్దరు కావాలి. బీడీల పని తగ్గిపోయి ఇంట్లో కూర్చున్న అనసూర్యను, లస్మవ్వను పిలిచింది. అనసూర్యకు ఐదో పొయ్యి ఇచ్చింది. రొట్టె తట్టడం అంతగా రాని లస్మవ్వకు రొట్టెలు లెక్కపెట్టి బట్టలో చుట్టే పని అప్పజెప్పింది.

లస్మవ్వ చాయ తాగడానికి ఇంటి నుంచి తన స్టీలు గ్లాసు తెచ్చుకునేది. పని అయిపోగానే కడిగి మళ్లీ సంచిలో వేసుకునేది.

"ఈడ్నే పెట్టరాదు, మోసుడెందుకు?" అంది రిబ్కమ్మ.

"రేపు ఉంటనో ఉండనో అక్క. గ్లాసన్న నాతోని ఉండనియ్యి" అని లస్మవ్వ నవ్వింది. పదిహేనేళ్లు చేసిన బీడీల పనే నిలవలేదు, ఈ పని ఎన్నాళ్లు నిలుస్తుందో అన్న అనుమానం ఆ నవ్వులో కనిపించింది.

పని మొదలైన బుధవారం పొద్దున నాలుగున్నరకు పొయ్యిలు వెలిగించారు. ఆరూ నలభై ఐదుకు రొట్టెలు తీసుకుపోవడానికి ముత్తయ్య ఆటో వచ్చింది. ఎదురింట్లో బాలింత ఉందని ఆయన హారను కొట్టకుండా సందు మొదట్లోనే బండి ఆపి నడిచి వచ్చాడు. అప్పటికి అయినవి నూట ముప్పై రొట్టెలు. మిగతా డెబ్బై అయ్యేదాకా ఆగితే ఎనిమిదయింది. ఆలోగా మొదటి మూట చల్లారిపోతుందని ముత్తయ్య తన దుప్పటి తెచ్చి దాని మీద కప్పాడు.

పొయ్యిలు చాలడం లేదనుకుంది రిబ్కమ్మ. చర్చి వంటింట్లో ఊరికే పడి ఉన్న పొయ్యిని అడిగి తెచ్చి, వచ్చినంత వరకు తట్టమని లస్మవ్వను దాని ముందు కూర్చోబెట్టింది. మూట కట్టే పని కూడా తన మీదే వేసుకుంది. గురువారం ఆరూ నలభై ఐదుకు లెక్క చూస్తే నూట ఇరవై ఎనిమిది.

"పొయ్యి పెరిగింది గని రొట్టె పెరగలే. మధ్యల పొయ్యే తింటుందేమో అక్క" అంది అనసూర్య. అందరూ నవ్వారు. రిబ్కమ్మ కూడా నవ్వుతూనే రొట్టెలను మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది.

ఆ సాయంత్రం జనార్దన్‌రావు వచ్చాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "నీ రొట్టెకు వంకలేదమ్మా. కూలీలు ఎనిమిదింటిదాక ఆకలితోని కూసుంటుండ్రు. ఈ రెండు రోజులు ఎట్లనో ఓర్చుకుంట. సోమవారం గూడ ఏడింటికి అందకపోతే చేన్లనే ఇద్దరు వంటోళ్లను పెట్టుకుంట. తప్పనుకోకు" అన్నాడు.

తప్పనుకోవడానికి ఏముంది. కానీ ఆ పని పోతే అనసూర్యకు, లస్మవ్వకు పని లేదు. తానే ఇంటికిపోయి పిలిచి, తానే వద్దని చెప్పాలి. రాత్రి ప్రార్థనలో రిబ్కమ్మకు మాటలు కుదరలేదు. లస్మవ్వ గ్లాసే కళ్ల ముందు కనిపించింది.

ఆమె భర్త మైసయ్య ముప్పై ఏళ్లు బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఎక్కడ ఎందుకు ఆగింది అని రాయడమే ఆయన ఉద్యోగం. మాట తక్కువ మనిషి. శుక్రవారం పొద్దున ఆయన కూడా లేచి వచ్చాడు. పాత క్యాలెండరు కాగితం ఒకటి తిప్పి అట్ట మీద పెట్టుకొని, ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని మూలకు కూర్చున్నాడు. గోడ గడియారం వైపు చూస్తాడు, ఏదో రాస్తాడు, మళ్లీ చూస్తాడు.

"బాపూ, మా హాజరు రాస్తుండ్రా ఏంది?" అంది అనసూర్య.

"మీది గాదు బిడ్డా. ముద్దది."

"ముద్దకు గూడ లేటు పడతదా?"

"అదే చూస్తున్న."

పని ముగిసి, అందరూ వెళ్లిపోయాక ఆయన ఆ కాగితాన్ని భార్య చేతికి ఇచ్చాడు. ఒక పొడుగు గీత. దాని మీద బస్సు దారిలో ఊర్లలాగా ఐదు చుక్కలు. ఎసరు, పిసుకుడు, తట్టుడు, కాల్చుడు, మూట. ముద్ద ఒక్కో చోటికి ఎన్నింటికి చేరింది, ఎన్నింటికి కదిలింది, అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. కింద ఆరుగురి పేర్లు. ఒక్కొక్కరి పక్కన "ముద్ద కోసం ఎదురుచూపు" అని నిమిషాలు. అనసూర్యకు ముప్పై ఎనిమిది. అందరికంటే నెమ్మదిగా చేసే లస్మవ్వకు కూడా ఇరవై ఒకటి. ఎసరు గిన్నె పొయ్యి మీదికి ఎక్కిన ప్రతిసారీ ఆ పొయ్యిలో రొట్టె ఆగిపోయిందనీ రాశాడు. పిసుకుడు అన్న చుక్క చుట్టూ సున్నా చుట్టి ఉంది. అక్కడ మాత్రం ఎవరి పేరూ లేదు.

రిబ్కమ్మ రెండుసార్లు చదివింది.

"పేరు రాయలేదేంది?"

మైసయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అంటే, అందరికి అడ్డం నేనే అన్నట్టు" అంది ఆమె. "ఎవలకన్న ఎక్కువ నడుము ఇరగ్గొట్టుకునేది నేను. నేనే అడ్డమా?"

"గట్లనకు. ఇను" అన్నాడాయన నెమ్మదిగా. "డిపోల బస్సులు మంచిగుండె, డ్రైవర్లు మంచిగుండె. డీజిల్ పంపు ఒక్కటే. పొద్దున బస్సులన్ని దాని ముంగట లైను కట్టేటియి. అప్పుడు సారోళ్లు ఏం జేసిండ్రు? ఇంకో రెండు బస్సులు తెప్పిచ్చిండ్రు. లైను పెరిగింది. మరి పంపుది తప్పా? అది మంచిగనే పోస్తుండె. పది నిమిషాలకు పది ముద్దలు. నీ అసుంటి చెయ్యి మెట్‌పల్లిల లేదు. కని చెయ్యి ఒక్కటే ఉన్నది."

ఆమె కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. ఆ మధ్యాహ్నం కంచాన్ని ఆయన ముందు ఠక్కున పెట్టింది. అయినా ఆయన కంచంలో పచ్చిపులుసు ఎప్పటిలాగే రెండు గరిటెలు ఎక్కువే పడింది.

సాయంత్రం పనికి ముందు రిబ్కమ్మ ఖానాపూర్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. ఆమెకు తోచని రోజున చేసే పని అదే. విషయమంతా చెప్పి, "ఏం జెయ్యాలె చెల్లె, అవ్వ మాట ఎట్ల దాటుదు? పిండి ఒక్క చేతిది ఉండాలె అన్నది గదా" అంది.

అవతల చెల్లెలు నవ్వడం మొదలుపెట్టింది.

"అక్కా, అవ్వ ఆ మాట ఎందుకన్నదో యాది మరిచినవా? నువ్వు పిసుకుతనంటే నేను పిసుకుతనని ఇద్దరం తాంబాళం గుంజుకోలే? పిండంత పొయిల బూడిదల పడ్డది. అవ్వ ఇద్దరికి చెరొక్క దెబ్బ ఏసి, 'పిండి ఒక్క చేతిది ఉండాలె, రిబ్కనే పిసుకుతది, నువ్వు పొయి కాడ కూసో' అన్నది. మన కొట్లాట ఆపుటానికి అన్నది అది. నలభై ఆరేండ్ల నుంచి పట్టుకొనే కూసున్నవా?"

రిబ్కమ్మకు ముందు నమ్మకం కలగలేదు. తరువాత బూడిద అంటుకున్న ఆ ఇత్తడి తాంబాళం, చెల్లెలి చీమిడి ముక్కు, అవ్వ వేసిన దెబ్బ అన్నీ గుర్తుకొచ్చాయి. నవ్వొచ్చింది. కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. మరి ఇన్నేళ్ల ప్రార్థన? అది అవ్వ మాట కోసం చేసింది కాదు కదా. చెయ్యి మారితే ప్రార్థన ఎక్కడికి పోతుంది? పొద్దున మొదటి ఎసరు పొయ్యి మీద పెట్టినప్పుడే అందరి కోసం అడిగితే దేవుడు వినడా? వింటాడు. ఆయన ముద్ద ముద్దకూ లెక్క చూసే గుమాస్తా కాడు.

శనివారం పొద్దుటి మూట వెళ్లాక లస్మవ్వను ఆగమంది. లస్మవ్వ ముఖం మాడిపోయింది. సంచి అందుకొని, "చెప్పక్క" అని నిలబడింది.

"కూసో. పిండి పిసుకుడు నేర్పుత."

లస్మవ్వ కదల్లేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. "పదిహేనేండ్లు తంబాకుల పెట్టిన చేతులక్క. వాసన పోయిందో లేదో. తినేటోళ్లకు తెలుస్తదేమో."

రిబ్కమ్మ ఆ చేతులు పట్టుకొని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. "సబ్బు వాసనొస్తుంది" అంది. "ఇంక ఫికర్ చెయ్యకు."

మొదటి వాయి పగిలింది. "చెయ్యి కాలుతదని చల్లారనిచ్చినవు. కాలాలె. అప్పుడే జిగురొస్తది" అంది రిబ్కమ్మ. రెండో వాయి అంచులు చీలాయి. మూడోది నిలిచింది. ముద్దలు చేయమంటే లస్మవ్వ వేళ్లు చకచకా కదిలాయి. పది ముద్దలు, ఒకదానికొకటి పిసరంత తేడా లేదు. రిబ్కమ్మ ముద్దల్లో ఇన్నేళ్లూ పెద్దవీ చిన్నవీ ఉండేవి.

"ఎట్ల చేసినవే?"

"బీడీల తంబాకు ఎక్కువ పడితే కార్ఖానల తీసి పారేస్తరు గదక్క. వేళ్లకే తెలుస్తది" అంది లస్మవ్వ సిగ్గుపడుతూ.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మైసయ్య మడిగె వెనక మూడు రాళ్లు పెట్టి కట్టెల పొయ్యి కట్టాడు. ఎసరుకు ఇక అదే. అరువు తెచ్చిన పొయ్యిని ఇద్దరూ చెరో పక్క పట్టుకొని తీసుకుపోయి చర్చి వంటింట్లో పెట్టి వచ్చారు.

సోమవారం పొద్దున రిబ్కమ్మ మొదటి ఎసరు ముందు నిలబడి కళ్లు మూసుకుంది. యాభై మంది పేర్లు తెలియవు. "నీకెరుకే" అంది. ఆ రోజు ప్రార్థన ఎప్పటికంటే పొడుగయింది. వెనక ఎదురుచూస్తున్న లస్మవ్వ కూడా తాంబాళం మీద చెయ్యి పెట్టి, "కొండగట్టు అంజన్నా, పగలకుండ చూడు తండ్రీ" అంది. అది రిబ్కమ్మ చెవిన పడింది. తాంబాళాన్ని తానే జరిపి లస్మవ్వకు దగ్గరగా పెట్టింది.

రెండు తాంబాళాల్లో పిండి కలుస్తోంది. అటు పది, ఇటు పది. ఐదుగురి చేతులు ఆగడం లేదు. మూటలు కట్టడానికి మైసయ్య కూర్చున్నాడు. చప్పుడంతా ఒకటే, తట్టే చప్పుడు. అనసూర్య ఒక్కసారే నోరు తెరిచింది. "జర నడుము వాల్చుదమంటే సందు దొరుకుతలేదు. ఈ కాగితం ఎందుకు రాసినవ్ బాపూ" అంది. ఆయన కళ్లద్దాల మీది నుంచి చూసి, "నీ ముప్పై ఎనిమిది నిమిషాలు వాపస్ తీసుకున్న" అన్నాడు.

సందు మొదట్లో ఆటో ఆగే వేళకు మూటలు గడప దగ్గరికి చేరాయి. రెండు వందల నాలుగు రొట్టెలు. గడియారంలో ఆరూ ముప్పై ఎనిమిది. ముత్తయ్య లోపలికి తొంగిచూసి, "నేనే లేటు వచ్చిన్నా ఏంది?" అన్నాడు.

ఎనిమిది దాటాక ఆయన ఖాళీ బట్టలు తిరిగి తెచ్చాడు. "పొగలు పోకముందే అందినయక్క. ఒకామె పిల్లకు పాలిచ్చుకుంటనే రొట్టె ఇరిచి, 'భాకరీ గరమ్ ఆహే', రొట్టె వేడిగున్నదని వాళ్ల మరాఠీల పక్కామెకు చూపెట్టింది. ఇంకా నిద్ర మొఖమే ఉన్నది. రావు సారు రేపటి నుంచి ఇట్లనే రమ్మన్నడు."

నిద్ర ముఖం అన్న మాట రిబ్కమ్మకు అన్నిటికంటే బాగుంది. ఆమె స్టూలు మీద కూర్చొని చాయ తాగుతోంది. ఇన్నేళ్లలో ఆ దుకాణంలో ఆమె కూర్చొని చాయ తాగగా ఎవరూ చూడలేదు. ఆమెకే కొత్తగా ఉంది.

"అక్కా, రేపు నాలుగుకే రమ్మంటవా, నాలుగున్నరకా?" అని లస్మవ్వ అడిగింది.

"నాలుగున్నర చాలు. నువ్వు గూడ జర పండుకో."

లస్మవ్వ తలూపి కొళాయి దగ్గరికి పోయింది. తన స్టీలు గ్లాసు కడిగింది. కొంగుతో తుడిచింది. సంచి వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, గోడ అరలో మిగతా గ్లాసుల పక్కన దాన్ని బోర్లించి పెట్టింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని, "పోయొస్త అక్క" అని గడప దాటింది.